పిల్లల మోచేతి గాయాలు, ఆపరేషన్లు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి మేడల మీద గాలిపటాలు ఎగిరే రోజుల్లోనూ, వేసవి సెలవుల్లో మామిడి చెట్లు కాపుకొచ్చినప్పుడూ మోచేయి విరిగిన పిల్లలు ఆసుపత్రికి వరుసగా వస్తారు. వెంట వచ్చిన పెద్దలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కంగారులో ఉన్నవారికి ఒకసారి చెప్పిన మాట గుర్తుండదు, ఇంటికి వెళ్లాక బంధువులు చెప్పేవి విన్న తరువాత పాత సందేహాలే మళ్లీ మొదలవుతాయి. అందుకే ఈ జవాబులు రాసిపెట్టడం జరిగింది. దేనికది విడిగా చదువుకోవచ్చు. మీ బిడ్డ చేతిని స్వయంగా పరీక్షించిన వైద్యులు వీటికి భిన్నంగా చెబితే వారి మాటనే పాటించండి.

## దెబ్బ తగిలిన తొలి గంటల్లో

బాబు మంచం మీద నుంచి పడ్డాడు, మోచేయి బాగా వాచింది. ఆసుపత్రికి వెళ్లేలోపు ఇంట్లో ఏం చేయాలి?

చేయి ఏ భంగిమలో ఉందో ఆ భంగిమలోనే ఉంచాలి. వంచి చూడడం, చాపి చూడడం, లాగి సరిచేయబోవడం వద్దు. మడిచిన దిండుగుడ్డ గానీ, రెండు మూడు వార్తాపత్రికలు కలిపి చుట్టిన అట్టలాంటిది గానీ చేతి కింద పెట్టి, చున్నీతో వదులుగా కట్టి తీసుకురండి. వాపు పెరిగితే గాజులు, ఉంగరాలు, మణికట్టుకు కట్టిన తాడు బిగుసుకుపోతాయి కనుక వాటిని ముందే తీసేయాలి. నూనె రాయడం, మర్దన చేయడం పనికిరావు. అందరూ మరచిపోయే విషయం ఇంకొకటి ఉంది: వైద్యులు చూసేదాకా బిడ్డకు తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి. ఏడుపు ఆపడానికి ఇచ్చిన ఒక్క బిస్కెట్ వల్ల మత్తు ఇవ్వడం గంటల కొద్దీ ఆలస్యమవుతుంది. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తే శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి.

రాత్రి పది దాటింది. తెల్లవారేదాకా ఆగవచ్చా?

ఈ ప్రశ్నకు జవాబు మోచేతిలో లేదు, వేళ్లలో ఉంది. వేళ్లు పాలిపోయినా, చల్లబడినా, మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, బిడ్డ వేళ్లు కదపలేకపోయినా, గాయం తెరుచుకుని ఉన్నా, నొప్పి క్షణక్షణానికీ పెరుగుతున్నా ఒక్క గంట కూడా ఆగకూడదు. వేళ్లు గులాబీ రంగులో వెచ్చగా ఉండి, నాడి బాగా అందుతూ, నరాలు పనిచేస్తూ ఉన్న బిడ్డకు ఆపరేషన్ మరునాటి ఉదయం చేసినా సాధారణంగా నష్టం ఉండదు. అర్ధరాత్రి అలసిన బృందం కన్నా ఉదయం పూర్తి బృందం చేయడమే చాలాసార్లు మేలు. అయితే ఆ తేడా ఇంట్లో కూర్చుని నిర్ణయించేది కాదు. ఆపరేషన్ ఆగవచ్చు గానీ పరీక్ష ఆగకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టు వేయిద్దామంటున్నారు. అది సరిపోదా?

ఎముక పక్కకు జరగని పగులు ఏ కట్టుతో కదలకుండా ఉంచినా అతుక్కుంటుంది. నాటు కట్టుకు వచ్చిన మంచి పేరులో అలాంటి పగుళ్ల వాటా పెద్దది. కానీ పిల్లల మోచేయి ఆ కోవలోకి రాదు. మోచేతి ముందు భాగంలోనే చేతికి రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమనీ, ముఖ్యమైన నరాలూ ఉంటాయి. గాయమైన కొద్ది గంటల్లోనే ఆ ప్రాంతం విపరీతంగా వాస్తుంది. వాచే చేతి చుట్టూ వెదురు బద్దలు పెట్టి బిగించి కడితే లోపలి ఒత్తిడి పెరిగి, ముంజేతి కండరాలకు రక్తం అందక అవి చచ్చిపోయి, వేళ్లు ముడుచుకుని గట్టిపడిపోతాయి. జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోక్‌మాన్ 1881లోనే ఈ స్థితిని వర్ణించి, బిగుతైన కట్లతో దానికున్న సంబంధాన్ని చెప్పాడు. ఆ దశకు చేరిన చేతిని పూర్వస్థితికి తేగల ఆపరేషన్ ఏదీ లేదు. ఎవరి నమ్మకాన్నీ కించపరచడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఎక్స్‌రే తీయకుండా, వేళ్లలో రక్తప్రసారం చూడకుండా పిల్లల మోచేతికి ఏ కట్టూ వేయించకండి.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, కానీ పాప చేయి కదపనివ్వడం లేదు. ఏమనుకోవాలి?

చిన్నపిల్లల మోచేతిలో చాలా భాగం ఇంకా గట్టి ఎముకగా మారని మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది, అది ఎక్స్‌రేలో కనిపించదు. మోచేతి చుట్టూ ఆరు చోట్ల ఎముక విడివిడిగా, సుమారు ఏడాది వయసు నుంచి పదకొండేళ్ల వరకు ఒకదాని తరువాత ఒకటిగా ఏర్పడుతుంది. ఏది సహజంగా విడిగా ఉన్న ముక్కో, ఏది విరిగిన ముక్కో పోల్చుకోవడం అనుభవజ్ఞులకే ఒక్కోసారి కష్టమవుతుంది. అందుకే రెండో మోచేతికి కూడా ఎక్స్‌రే తీయించమనడం, ఏటవాలు కోణంలో మరొకటి అడగడం, వారం పది రోజుల తరువాత మళ్లీ తీయడం అనవసర ఖర్చేమీ కాదు. పగులు కనిపించకపోయినా కీలులో రక్తం చేరిన గుర్తు కనిపిస్తే, పగులు ఉన్నట్టే భావించి చేతికి విశ్రాంతి ఇస్తారు.

పడకుండానే, ఎవరో చేయి పట్టుకుని లాగిన తరువాత నాలుగేళ్లలోపు బిడ్డ చేయి వేలాడదీస్తే అది మరొక సంగతి. ముంజేతిలోని రేడియస్ అనే ఎముక తల చుట్టూ ఉండే పట్టీ కొద్దిగా జారి ఉంటుంది. ఔట్‌పేషెంట్ గదిలోనే ఒక్క క్షణంలో సరిచేస్తారు, దానికి ఆపరేషన్ ఉండదు.

## ఆపరేషన్ అవసరమా అన్న నిర్ణయం

కాగితంలో సుప్రాకాండైలార్ ఫ్రాక్చర్ అని రాశారు. అంటే ఏమిటి?

మోచేతి కీలుకు సరిగ్గా పైన, దండచేయి ఎముక బల్లపరుపుగా, పలుచగా మారే చోట విరగడం. పిల్లల మోచేతి దగ్గర విరిగే ఎముకల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలకు ఎక్కువ. పడబోతూ చేయి చాచి నేలకు ఆనిస్తారు, ఆ వయసులో మోచేయి కాస్త వెనక్కి వంగే గుణం ఉంటుంది, మోచేతి మొన గునపంలా పనిచేసి పలుచని ఎముకను విరుస్తుంది. నూటికి తొంభై ఐదు కేసులకు మించి విరిగిన కింది ముక్క వెనక్కి జరుగుతుంది. 1959లో గార్ట్‌లాండ్ చేసిన వర్గీకరణనే నేటికీ వాడుతున్నారు. ముక్క కదలకపోతే మొదటి రకం, వెనుక అంచు అతుక్కుని ఉండి వంగితే రెండో రకం, పూర్తిగా విడిపోతే మూడో రకం.

కట్టుతో పోయేదానికి ఆపరేషన్ చేస్తున్నారేమోనని అనుమానంగా ఉంది. ఎలా తెలుసుకోవాలి?

అడగవలసిన ప్రశ్నే. సుప్రాకాండైలార్ ఫ్రాక్చర్‌లో మొదటి రకానికి మూడు వారాల కట్టు చాలు. దానికి ఆపరేషన్ అంటే కారణం అడగండి. మూడో రకానికి ఆపరేషనే సరైనది. ఎముకను సరిచేసి కట్టుతోనే నిలపాలంటే మోచేతిని తొంభై డిగ్రీలకు మించి గట్టిగా వంచి ఉంచాలి, వాచిన మోచేతిని అలా వంచితే రక్తనాళం మూసుకుపోతుంది. ఆపరేషన్‌లో ఎముకలోకి సన్నని లోహపు తీగలు వేస్తే మోచేతిని సడలించి ఉంచవచ్చు. ఎముకను నిలబెట్టడంతో పాటు రక్తప్రసారాన్ని కాపాడేవి కూడా ఆ తీగలే. రెండో రకం విషయంలోనే వైద్యుల మధ్య నిజమైన అభిప్రాయ భేదం ఉంది. కొద్దిగా వంగినవాటిని కొందరు కట్టుతో గమనిస్తారు, ఎక్కువమంది తీగలు వేస్తారు. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో దండచేయి ఎముక ముందు అంచు వెంట గీత గీస్తే అది కింద ఉన్న గుండ్రటి ఎముకను తాకుతోందా లేదా చూపించమనండి. తాకకపోతే ముక్క వెనక్కి జరిగినట్టే. రెండో వైద్యుడికి చూపించడం మొదటి వైద్యుణ్ని అవమానించడం కాదు, కాకపోతే ఆ పని ఒకటి రెండు రోజుల్లో పూర్తి కావాలి.

పిల్లల ఎముకలు వాటంతట అవే సర్దుకుంటాయంటారు కదా, ఆపరేషన్ ఎందుకు?

మణికట్టు దగ్గరా, భుజం దగ్గరా ఆ మాట చాలావరకు నిజం. మోచేతికి అది వర్తించదు. దండచేయి ఎముక పొడవు పెరుగుదలలో సుమారు 80 శాతం భుజం వైపు ఎదుగుదల పలక (ఎముక పొడవు పెరిగే మృదులాస్థి పొర) నుంచి, 20 శాతం మాత్రమే మోచేతి వైపు నుంచి వస్తుంది. పెరుగుదల తక్కువున్న చోట సర్దుబాటు కూడా తక్కువే. బాగా చిన్న పిల్లల్లో ముందుకూ వెనక్కూ ఉన్న వంపు కొంత సరికావచ్చు. లోపలికి వాలిన వంపు, మెలితిరిగిన ముక్క పెద్దయ్యేదాకా అలాగే ఉండిపోతాయి.

లేటరల్ కాండైల్ రెండు మిల్లీమీటర్లు కదిలిందని ఆపరేషన్ అంటున్నారు. అంత చిన్నదానికి కూడా కావాలా?

కావాలి. పిల్లల మోచేతి గాయాల్లో తేలిగ్గా తీసుకోవడం వల్ల ఎక్కువగా చెడేది ఇదే. మోచేతి బయటివైపు ఉండే ఈ ముక్క సుప్రాకాండైలార్ తరువాత రెండో స్థానంలో కనిపిస్తుంది. వాపు పెద్దగా ఉండదు, చేయి ఆకారం మారదు, బిడ్డ రెండు రోజుల్లో ఆడుకోవడం మొదలుపెడతాడు. అందుకే బెణుకు అనుకుని వదిలేసినవి నెలల తరువాత బయటపడుతుంటాయి.

విరుపు గీత కీలు లోపలిదాకా వెళుతుంది కనుక కీలులోని ద్రవం ఆ సందులోకి ప్రవేశించి అతుకును కుదరనివ్వదు. మణికట్టును పైకెత్తే కండరాలు ఈ ముక్కకే అంటుకుని ఉండి, వేళ్లు ఆడించిన ప్రతిసారీ దాన్ని లాగుతుంటాయి. ముక్కలో ఎక్కువ భాగం మృదులాస్థి కాబట్టి ఎక్స్‌రేలో రెండు మిల్లీమీటర్లుగా కనిపించే ఎడం నిజానికి అంతకన్నా పెద్దదై ఉండవచ్చు. అతుక్కోకుండా వదిలేస్తే మోచేయి ఏళ్లు గడిచేకొద్దీ బయటికి వంగుతుంది, లోపలివైపు నరం సాగి, పదీ ఇరవై ఏళ్ల తరువాత చిటికెన వేలు తిమ్మిరెక్కి చేతిపట్టు తగ్గుతుంది.

రెండు మిల్లీమీటర్ల లోపు ఉన్నవాటికి కట్టు వేసి, తొలి వారాల్లో వారం వారం ఎక్స్‌రే తీసి కదిలిందేమో చూస్తారు. ఆ ఎక్స్‌రేలు మానేయకండి. అంతకు మించితే కీలు పైపొర తెగిందో లేదో చూసి, తెగకపోతే చర్మం మీద నుంచే తీగలు వేస్తారు. తెగి ముక్క తిరిగిపోయి ఉంటే కోత పెట్టి, కీలు అంచు కళ్లారా చూసి సరిచేసి, తీగలతోనో స్క్రూతోనో బిగిస్తారు. ముక్కకు రక్తం వెనుక నుంచి వస్తుంది కనుక ఆ వైపు కదపకుండా జాగ్రత్తపడతారు. తీగలు నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటాయి. మానిన తరువాత బయటివైపు చిన్న బొడిపె మిగలవచ్చు, దానివల్ల ఇబ్బంది ఉండదు.

మా అమ్మాయికి 13 ఏళ్లు. జిమ్నాస్టిక్స్‌లో పడి మోచేయి తొలగింది, లోపలివైపు ముక్క ఊడింది. ఆపరేషన్ తప్పదా?

ఆ ముక్కను మీడియల్ ఎపికాండైల్ అంటారు. అది ఊడిన పిల్లల్లో దాదాపు సగం మందికి మోచేయి కూడా తొలగి ఉంటుంది. కీలును తిరిగి కూర్చోబెట్టేటప్పుడు ముక్క లోపల ఇరుక్కుని, చేతితో చేసే ప్రయత్నంతో బయటికి రాకపోతే ఆపరేషన్ తప్పనిసరి. గాయం తెరుచుకుని ఉన్నా అంతే. ఇవి కాని సందర్భాల్లో ఎంత కదిలితే బిగించాలన్నది ఈనాటికీ చర్చనీయాంశం. మామూలు పనులు చేసుకునే పిల్లలు కట్టుతోనే బాగుపడతారు, ముక్క పీచుకణజాలంతో మాత్రమే అతుకుపడినా నొప్పి లేకుండా ఉంటారు. చేతుల మీద బరువు మోపే జిమ్నాస్టులకూ, జావెలిన్ విసిరేవారికీ స్క్రూతో బిగించి త్వరగా కదలిక మొదలుపెట్టడం వైపే మొగ్గు ఎక్కువ. మోచేతికి దెబ్బ తగిలితే జివ్వుమనే నరం ఈ ముక్క వెనుకే పోతుంది కనుక ఆపరేషన్‌కు ముందు చిటికెన వేలి స్పర్శ పరీక్షించి రాయించుకోండి.

ముంజేతి ఎముక విరిగిందని కట్టు వేశారు. మూడు నెలలయ్యాక మోచేతి దగ్గర ఇంకో ఎముక తొలగి ఉందంటున్నారు. ఇదెలా జరుగుతుంది?

ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి. వాటిలో అల్నా ఒక్కటే విరిగి పొట్టిబారినప్పుడు రెండోదైన రేడియస్ తల మోచేతి దగ్గర తన చోటు నుంచి జారిపోవచ్చు. ఇటలీ వైద్యుడు మాంటేజియా ఎక్స్‌రే లేని కాలంలో, 1814లో, దీన్ని వర్ణించాడు. ఎక్స్‌రే ఉన్న కాలంలోనూ ఇది తప్పిపోతూనే ఉంది. కారణం తరచుగా ఒకటే, ముంజేతి ఫిల్ములో మోచేయి సరిగా పడకపోవడం. రేడియస్ మధ్య నుంచి గీసిన గీత ఏ కోణంలో తీసినా దండచేయి చివర ఉన్న గుండ్రటి ఎముక మధ్యలోకి వెళ్లాలి.

తొలి రోజుల్లో గుర్తిస్తే అల్నాను నిటారుగా చేసి, అవసరమైతే ప్లేటుతోనో సన్నని కడ్డీతోనో నిలబెడితే రేడియస్ తల దానంతటదే చోటులో కూర్చుంటుంది. నెలలు దాటితే అల్నాను కోసి కోణం మార్చి, కీలు తెరిచి, పట్టీని మళ్లీ అమర్చవలసి వస్తుంది. అది చాలా పెద్ద పని. ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

రేడియస్ మెడ వంగిందట. కోసి సరిచేయాలా?

సుమారు 30 డిగ్రీల లోపు వంపును చాలావరకు కట్టుతో వదిలేస్తారు. అంతకు మించితే ముందు చేతితో, తరువాత చర్మంలోంచి సన్నని తీగతో తోసి, లేదా మణికట్టు వైపు నుంచి ఎముక లోపలికి వంపు తిరిగిన కడ్డీ పంపి తిప్పి సరిచేస్తారు. కీలును తెరవడం చివరి మార్గం, ఎందుకంటే తెరిచిన కీలు బిగుసుకునే అవకాశం ఎక్కువ.

## ఆపరేషన్ రోజు

ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు? పెద్ద కోత ఉంటుందా?

సుప్రాకాండైలార్ ఫ్రాక్చర్‌లో ఎక్కువ మందికి కోతే ఉండదు. పూర్తి మత్తు ఇచ్చాక చేతిని నెమ్మదిగా లాగి, పక్కకు జరిగిన ముక్కను వరుసలోకి తెచ్చి, మోచేతి మొనను బొటనవేలితో ముందుకు నెడుతూ వంచుతారు. సి-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే యంత్రంలో ఎముక కుదిరినట్టు కనిపించగానే చర్మం మీద నుంచే 1.6 లేదా 2 మిల్లీమీటర్ల మందం ఉన్న నున్నటి తీగలు రెండో మూడో ఎక్కిస్తారు. వీటిని కె-వైర్లు అంటారు, జర్మన్ వైద్యుడు కిర్ష్‌నర్ పేరు మీద వచ్చిన మాట. బయటివైపు నుంచే వేస్తే లోపలివైపు నరానికి ప్రమాదం తక్కువ. ముక్క నిలవనప్పుడు లోపలివైపు నుంచి కూడా ఒకటి వేస్తారు, అప్పుడు చిన్న కోతతో నరాన్ని పక్కకు తప్పిస్తారు. తీగల చివరలు వంచి చర్మం బయటే ఉంచి, మోచేతిని తొంభై డిగ్రీల కన్నా తక్కువ వంచి స్లాబ్ (ఒకవైపే ఉండే పిండికట్టు) వేస్తారు. ఎముక మధ్య కండరమో, నరమో, రక్తనాళమో ఇరుక్కుని ముక్క కుదరకపోతే అప్పుడు తెరవక తప్పదు.

మత్తు పిల్లలకు ప్రమాదం కాదా? ఎన్ని గంటలు ఏమీ పెట్టకూడదు?

ఘనాహారం, పాలు ఆరు గంటల ముందూ, తల్లిపాలు నాలుగు గంటల ముందూ, మంచినీళ్లు రెండు గంటల ముందూ ఆపాలన్నది సాధారణ నియమం. నొప్పితో ఉన్న బిడ్డ కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి మత్తు వైద్యులు ఇంకాసేపు ఆగమనవచ్చు. నాయనమ్మ జాలిపడి ఏదైనా పెట్టి ఉంటే దాచకుండా చెప్పండి, ఎవరూ కోప్పడరు. జలుబు, ఆయాసం, మందులు పడకపోవడం, ఇంట్లో ఎవరికైనా మత్తుతో వచ్చిన ఇబ్బంది కూడా చెప్పాలి. అన్ని విధాలా ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు తగిన పరికరాలున్న చోట మత్తు వల్ల తీవ్రమైన ప్రమాదం అరుదు.

నాడి అందడం లేదన్నారు, కానీ చేయి గులాబీ రంగులోనే ఉందన్నారు. రక్తనాళం తెగినట్టేనా?

చాలాసార్లు తెగి ఉండదు. విరిగిన ఎముక మీద వంగి నొక్కుకుపోవడమో, బిగుసుకుపోవడమో జరుగుతుంది. మోచేతి చుట్టూ ఉన్న చిన్న నాళాల వల్ల రక్తం వేళ్లకు అందుతూ ఉంటుంది. మొదటి చికిత్స ఎముకను త్వరగా చోటులో పెట్టడమే. ఎక్కువ మందిలో దానితోనే నాడి తిరిగి వస్తుంది. రాకపోయినా చేయి వెచ్చగా, గులాబీ రంగులో ఉంటే ఆసుపత్రిలోనే 24 నుంచి 48 గంటలు దగ్గరుండి గమనిస్తారు. ఎముక కుదిరాక కూడా చేయి తెల్లగా ఉంటే అదే బల్ల మీద ధమనిని తెరిచి చూడాలి, కాబట్టి రక్తనాళాల శస్త్రవైద్యులు అందుబాటులో ఉన్నారా అని ముందే అడగడం మంచిది.

బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమంటే పాప చుట్టలేకపోతోంది. నరం పోయిందా?

నరం దెబ్బతింది, పోయిందని చెప్పలేం. సుప్రాకాండైలార్ ఫ్రాక్చర్‌లో ఎక్కువగా నలిగేది ఆ రెండు వేళ్ల చివరి కణుపులను వంచే నరపు శాఖే. దానివల్ల తిమ్మిరి ఉండదు, కాబట్టి అడిగి చేయిస్తే తప్ప ఎవరూ గమనించరు. సాగిన నరాలు సాధారణంగా రెండు మూడు నెలల్లో కోలుకుంటాయి, కొన్నిటికి ఆరు నెలలు పడుతుంది. ఆపరేషన్‌కు ముందు లేని తిమ్మిరి చిటికెన వేలికి తరువాత వస్తే వెంటనే చెప్పాలి, లోపలివైపు తీగ నరాన్ని నొక్కుతుండవచ్చు.

ఆరోగ్యశ్రీలో చేస్తారా?

పథకం కింద నమోదైన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. అడ్మిషన్‌కు ముందే బిడ్డ ఆధార్, కుటుంబ కార్డుతో వారిని కలిసి, రాసిన ఆపరేషన్ పేరు ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో అడగండి. చేయి తెల్లబడిన బిడ్డ విషయంలో మాత్రం కాగితాల కోసం ఎవరూ ఆగకూడదు.

## కట్టుతో ఇంట్లో ఉన్నప్పుడు

ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పరుగెత్తుకు రావాలి?

తగ్గవలసిన నొప్పి పెరగడం. ముంజేతి కండరాల్లో ఒత్తిడి పెరుగుతున్న బిడ్డ ఇది అని విడమరచి చెప్పలేడు. గిలగిల్లాడతాడు, ఎత్తుకున్నా ఊరుకోడు, మందు వేసిన అరగంటకే మళ్లీ ఏడుస్తాడు. వేళ్లను మెల్లగా చాపితే కేక పెడతాడు. ఇంకో డోసు వేసి పొద్దున చూద్దామనుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. వేళ్లు పాలిపోయినా, నీలం రంగుకు తిరిగినా, స్పర్శ తగ్గినా కూడా అంతే. ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి, అక్కడ మొదట కట్టును చర్మందాకా విప్పి చూస్తారు, ఒత్తిడి తగ్గకపోతే కండరాల పొరను కోసి తెరుస్తారు. ఈ ప్రమాదం తొలి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ.

స్నానం, నిద్ర, బడి సంగతేమిటి?

కట్టు తడవకూడదు, ఒళ్లు తడిగుడ్డతో తుడవండి. పడుకున్నప్పుడు చేయి దిండు మీద గుండె ఎత్తులో ఉండాలి. నొప్పి తగ్గాక, సాధారణంగా వారం తరువాత, జోలెకట్టుతో బడికి పంపవచ్చు, మైదానానికి వద్దు.

తీగల దగ్గర తడిగా ఉంది. చీము పట్టిందా?

కొద్దిగా పలుచని తడి కనిపించడం సాధారణం. చుట్టూ ఎర్రబడి, వాసన వస్తూ, చిక్కటి చీము కారుతూ, జ్వరం ఉంటే చూపించాలి. చాలావరకు ఇవి పైపైనే ఉండి మందులతో, తీగ తీయడంతో తగ్గిపోతాయి. కీలులోకి చేరడం అరుదు. పసుపు, కొబ్బరినూనె, విభూతి ఏవీ పెట్టకండి. తీగను లోపలికి తోయవద్దు, తిప్పి చూడవద్దు.

తీగలు తీసేటప్పుడు మళ్లీ మత్తు ఇస్తారా?

చివరలు చర్మం బయట ఉంటే సాధారణంగా అక్కర్లేదు. సుప్రాకాండైలార్‌లో మూడు నాలుగు వారాలకు ఎక్స్‌రే చూసి, ఔట్‌పేషెంట్ గదిలోనే పటకారుతో క్షణాల్లో లాగేస్తారు. బిడ్డకు నొప్పి కన్నా భయం ఎక్కువ. ముందు అరగంటకు పారాసిటమాల్ వేసి, నొప్పి లేదని అబద్ధం చెప్పకుండా, ఒక్కసారి చురుక్కుమంటుందని చెప్పి తీసుకురండి. చర్మం కింద పాతిన స్క్రూలు, ప్లేట్లు తీయాలంటే మాత్రం మత్తు కావాలి.

## కట్టు తీసిన తరువాత

పది రోజులైంది, ఇంకా చేయి చాపలేకపోతున్నాడు. నూనె మర్దన చేయించాలా? ఫిజియోథెరపీకి పంపాలా?

మర్దన వద్దు. గట్టిగా లాగి చాపించడం అసలే వద్దు. చేతికి బకెట్టో ఇటుకో తగిలించి మోయించే అలవాటు మన ఊళ్లలో ఉంది, అది కూడా మానండి. బలవంతంగా సాగదీసిన కండరంలో చిన్న చిన్న చీలికలు ఏర్పడి, కొన్నిసార్లు కండరంలోనే ఎముక పుట్టి, కీలు శాశ్వతంగా బిగుసుకుపోతుంది. నొప్పికి భయపడిన బిడ్డ చేతిని ఇంకా దగ్గరకు ముడుచుకుంటాడు.

నాలుగు వారాలు కదలకుండా ఉన్న మోచేయి పది రోజుల్లో పూర్తిగా తెరుచుకోదు. ఎక్కువ కదలిక తొలి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది, చివరి కొద్ది డిగ్రీలకు ఏడాది దాకా పట్టవచ్చు. మామూలు సుప్రాకాండైలార్ ఫ్రాక్చర్ మానిన పిల్లల్లో ఫిజియోథెరపీ చేసినవారినీ చేయనివారినీ పోల్చి చూసినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తన చేత్తో అన్నం తిననివ్వండి, తల దువ్వుకోనివ్వండి, తొట్టి నీళ్లలో ఆడుకోనివ్వండి. నీళ్లలో ఆడే బిడ్డ తనకు తెలియకుండానే చేయి చాపుతాడు. కోత పెట్టి చేసిన పెద్ద ఆపరేషన్ల తరువాతా, పదమూడు దాటిన పిల్లలకూ, మూడు నెలలైనా కదలిక మెరుగుపడనివారికీ నిపుణుల ఫిజియోథెరపీ నిజంగా అవసరం.

చేయి చాపితే లోపలికి వంకరగా కనిపిస్తోంది. ఇది పెరుగుతుందా? మళ్లీ ఆపరేషన్ చేయాలా?

ఎముక లోపలివైపు వాలి అతుక్కుంటే వచ్చే వంపు ఇది, తుపాకి మడమలా కనిపిస్తుంది. వాలి అతుక్కున్న ఎముక వల్ల వచ్చింది కనుక అది సాధారణంగా పెరగదు, తగ్గదు కూడా. ముందుగా రెండో చేతిని పక్కన పెట్టి చూడండి. సహజ కోణం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. చేతి పనులకు దీనివల్ల అడ్డంకి తక్కువ, చాలామంది చేయి చూడడానికి బాగుండాలనే ఆపరేషన్ అడుగుతారు. అది చిన్న కారణమని కొట్టిపారేయలేం, బడిలో వెక్కిరింపులు పడేది బిడ్డే. వంపు ఎక్కువగా ఉన్నవారికి పెద్దయ్యాక కీలు పట్టు సడలడం, నరం మీద ఒత్తిడి రావడం కూడా ఉంటుంది. బయటివైపు నుంచి ముక్కోణపు ఎముక ముక్క తీసి నిటారుగా చేస్తారు. పాత గాయం పూర్తిగా మాని, కదలిక తిరిగి వచ్చాక, సాధారణంగా ఏడాది ఆగిన తరువాతే ఆ ఆలోచన చేయాలి.

ఎదుగుదల పలకలోంచి తీగలు వేశారు. చేయి పొట్టిదవుతుందా?

కొద్ది వారాలే ఉండే నున్నటి, సన్నని తీగలు సాధారణంగా ఎదుగుదలను ఆపవు. మరలున్న స్క్రూలతోనే ఆ చింత ఎక్కువ, అందుకే చిన్నపిల్లల్లో వాటిని పలకకు అడ్డంగా వేయకుండా చూస్తారు.

ఆటలకు ఎప్పుడు పంపవచ్చు?

పరుగు, సైకిల్ ఆరు వారాల తరువాత. చెట్లెక్కడం, కబడ్డీ, వేలాడే ఆటలు సుమారు మూడు నెలల తరువాత. అప్పటికి ఎక్స్‌రేలో అతుకు గట్టిపడి, చేయి దాదాపు పూర్తిగా కదులుతూ ఉండాలి.

## పన్నెండు దాటిన పిల్లలకు

మా వాడికి 14 ఏళ్లు, జావెలిన్ విసురుతాడు. దెబ్బేమీ తగలలేదు కానీ మోచేయి నొప్పి, ఒక్కోసారి పట్టేస్తోంది. ఇదేమిటి?

పదేపదే విసిరే పిల్లల్లో, చేతుల మీద నిలబడే జిమ్నాస్టుల్లో మోచేతి బయటివైపు గుండ్రటి ఎముక పైపొర కింద రక్తప్రసారం తగ్గి, మృదులాస్థితో సహా ఒక పెచ్చు వదులవుతుంది. పదేళ్లలోపు పిల్లల్లో ఇలాంటిదే కనిపిస్తే అది విశ్రాంతితోనే మానుతుంది. కౌమారంలో అలా ధీమాగా ఉండలేం. ఎంఆర్ఐలో పెచ్చు స్థిరంగా ఉండి, ఎదుగుదల పలక ఇంకా తెరిచి ఉంటే మూడు నుంచి ఆరు నెలలు విసరడం పూర్తిగా ఆపాలి. పోటీ ఉందని మధ్యలో ఒక్కసారి విసరనివ్వడం కూడా కుదరదు; ఈ వయసు వారితో కష్టమంతా అక్కడే. మోచేయి పట్టేస్తోందంటే పెచ్చు ఊడి కీలులో తిరుగుతుండవచ్చు. అప్పుడు ఆర్థ్రోస్కోపీతో చిన్న రంధ్రాల ద్వారా ఊడిన ముక్క తీసి, కింది ఎముకకు రక్తం వచ్చేలా తొలుస్తారు. పెచ్చు బాగుంటే తిరిగి బిగిస్తారు. గుంట పెద్దదైతే మోకాలి నుంచి మృదులాస్థితో కూడిన చిన్న దిమ్మ తెచ్చి అమరుస్తారు.

బైక్ మీద నుంచి పడి 15 ఏళ్ల అబ్బాయికి మోచేతి ఎముక మూడు ముక్కలైంది. తీగలు కాక ప్లేట్లు ఎందుకంటున్నారు?

ఆ వయసుకు మోచేతి దగ్గర ఎదుగుదల పలకలు మూసుకుపోయే దశలో ఉంటాయి, ఎముక పెద్దవారిలాగే విరుగుతుంది. విరుపు కీలు మధ్యలోకి చీలినప్పుడు కీలు అంచును వెంట్రుకవాసి తేడా లేకుండా కలపాలి, ఆ తరువాత కొద్ది రోజుల్లోనే కదలిక మొదలుపెట్టాలి. తీగలు ఆ కదలికను తట్టుకోలేవు, రెండు వైపులా ప్లేట్లు తట్టుకుంటాయి. నెలల తరబడి కట్టులో ఉంచితే పెద్ద పిల్లల మోచేయి చిన్నపిల్లల మోచేతిలా తిరిగి తెరుచుకోదు. ఇంత చేసినా చివరి కొద్ది డిగ్రీలు చాపలేకపోవడం మిగలవచ్చు, అది ముందే తెలిసి ఉండాలి. ప్లేట్లు ఇబ్బంది పెట్టకపోతే వాటిని తీయించవలసిన అవసరం లేదు.

అంతా బాగుంది అన్నారు. ఇంకా ఎన్నాళ్లు చూపించాలి?

మామూలు సుప్రాకాండైలార్‌కు కదలిక పూర్తిగా వచ్చేదాకా చాలు, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు. లేటరల్ కాండైల్ విరిగినవారిని, నరం దెబ్బతిన్నవారిని, రేడియస్ తలను చోటులో పెట్టినవారిని కనీసం ఏడాది రెండేళ్లు చూడాలి. ప్రతిసారీ పాత ఎక్స్‌రేలన్నీ తీసుకురండి, వాటిని చుట్టచుట్టి విరగ్గొట్టకండి; ఫోన్‌లో ఫొటో తీసినదైతే ఫిల్ము అంచులతో సహా, వెలుతురుకు ఎదురుగా పెట్టి తీసినది తెండి.